పేరు జారిపోయిన స్మృతి

వేదిక మీది గందరగోళమంతా మనసులో నిలిచి ఉండగా పేరు మాత్రం తోచని ఒక పాత పంక్ బృందాన్ని గుర్తుచేసుకోవాలని ప్రయత్నించే మనిషి, తనకు తెలిసినదాన్ని వెతుకుతున్నాడా, తెలియనిదాన్నా? తెలిసినదైతే వెతకవలసిన పని లేదు. తెలియనిదైతే, ఎదురైనప్పుడు అదే ఇదని పోల్చుకునే ఆధారం లేదు. ప్లేటో 'మీనో' సంవాదంలో ఎదురయ్యే ఈ చిక్కును విప్పే మార్గం సంత్ అగస్టీన్ రచనలో దొరుకుతుంది: మరచిన పేరు కోసం తడుముకునేటప్పుడు ఎదుటివారు అందించే తప్పు పేర్లను కాదని తోసిపుచ్చగలుగుతున్నామంటే, ఆ మరపు సంపూర్ణం కాదని ఆయన వాదించాడు.

తెలుగువాడై కాశిలో స్థిరపడిన పదిహేడవ శతాబ్దపు అన్నంభట్టు, 'తర్కసంగ్రహం'లో స్మృతిని కేవలం సంస్కారం నుంచి పుట్టే జ్ఞానంగా నిర్వచించాడు. సంస్కారమంటే అనుభవం గతించినా ఆత్మలో మిగిలే ముద్ర. దాన్ని మేల్కొలిపే నిమిత్తాన్ని న్యాయశాస్త్రవేత్తలైన నైయాయికులు ఉద్బోధకం అంటారు. ఈ లెక్కన పేరు తోచనివాడిలో ముద్ర చెరిగిపోలేదు, తగిన ఉద్బోధకం అందలేదు, అంతే.

ఇక ఆ గందరగోళమే ఎందుకు గట్టిగా నిలుస్తుందన్నది మరింత లోతైన ప్రశ్న. 1970ల నడుమ న్యూయార్క్, లండన్ నగరాల్లో రూపుకట్టిన పంక్, నైపుణ్యం కంటే ఆవేశానికి పెద్దపీట వేసిన రాక్ సంగీతశాఖ. 1979లో మినియాపొలిస్‌లో ఏర్పడిన 'ది రీప్లేస్‌మెంట్స్' ఈ కోవకు చెందిన బృందం; తాగి వేదికెక్కి, ఇతరుల పాటలను మొదలుపెట్టి, చరణం గుర్తురాక నడుమనే వదిలేయడం దాని ప్రదర్శనల్లో మామూలైపోయింది. 1984లో ఓక్లహోమా నగరంలో ఒక శ్రోత రహస్యంగా రికార్డు చేస్తుండగా బృందం మనుషులు లాక్కున్న టేపే మరుసటి ఏడాది అధికారికంగా క్యాసెట్‌గా వెలువడింది. పాడేవారికే గుర్తులేని పాటలు అలా వినేవారి స్మృతిలోకి చేరాయి.

'పదార్థధర్మసంగ్రహం'లో వైశేషిక ఆచార్యుడు ప్రశస్తపాదుడు బలమైన సంస్కారానికి మూడు కారణాలు చెప్పాడు: అనుభవంలోని తీవ్రత, పదేపదే చేసే అభ్యాసం, ఆదరంతో కూడిన శ్రద్ధ. తీవ్రతకు ఆయన ఇచ్చిన ఉదాహరణ, ఒంటెను చూసిన దక్షిణాది మనిషి. అలవాటు లేని వింత రూపం ఒక్కసారికే మనసులో నాటుకుపోతుందన్నది ఆయన భావం. చక్కగా సాధన చేసి పాడిన కచేరీ అభ్యాసబలంతో నిలిస్తే, తెగిపోయిన పాటల కచేరీ ఆ ఒంటెలాగే నిలుస్తుంది. కనుక దాన్ని తక్కువరకం జ్ఞాపకంగా ఎంచడం న్యాయం కాదు.

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ వాసులకు ఈ తీవ్రత కొత్త కాదు. 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటు పట్టణంలో, దండులో డోలీ మోసిన సురిటి అప్పయ్య కలరా తగ్గితే ప్రతిష్ఠిస్తానని మొక్కుకుని ఉజ్జయిని మహంకాళిని నెలకొల్పాడని స్థానిక సంప్రదాయం చెబుతుంది. నేటికీ ఆ అమ్మవారికి జరిగే లష్కర్ బోనాలలో, ఒళ్లంతా పసుపుతో కొరడా ఝళిపించే పోతరాజు అడుగుకూ తీన్‌మార్ దరువుకూ ముందే రాసిపెట్టిన క్రమమేదీ ఉండదు. అయినా, బహుశా అందువల్లనే, చూసినవారు దాన్ని ఏళ్లతరబడి మరువలేరు. మరునాడు 'రంగం' అనే ఘట్టంలో పచ్చికుండ మీద నిలబడి స్త్రీ భవిష్యవాణి పలుకుతుంది. పూనకంలో అన్న మాట అన్నవారికి గుర్తుండదన్నది తెలుగునాట బలమైన నమ్మకం. దాన్ని దాచుకునేది విన్న జనమే. భక్తికీ పంక్‌కూ ప్రయోజనాలు వేరు, పవిత్రత వేరు. స్మృతి నిలిచే చోటు విషయంలో మాత్రం రెండూ ఒకే సాక్ష్యం చెబుతాయి.

అయితే ఒకరి అనుభవాన్ని మరొకరు స్మరించలేరన్న న్యాయసిద్ధాంతం ఇక్కడ అడ్డు నిలుస్తుంది. ఒకడు మరచినదాన్ని నలుగురూ కలిసి గుర్తుచేయడం ఎలా సాధ్యం? నలుగురూ ఇచ్చేది స్మృతిని కాదు, ఉద్బోధకాన్ని మాత్రమే అన్నదే సరైన సమాధానం. ఒకరు ఊరి పేరు అంటారు, మరొకరు పాట ఎక్కడ తెగిందో చెబుతారు, ఇంకొకరు తప్పు పేరే చెప్పి దాన్ని కాదనిపిస్తారు. చివరకు అసలు పేరు వినిపించినప్పుడు 'అదే ఇది' అని కలిగే జ్ఞానాన్ని శాస్త్రం ప్రత్యభిజ్ఞ అంటుంది. పాత సంస్కారమూ ఇప్పటి వినికిడీ కలిస్తేనే అది పుడుతుంది గనుక, ఎందరు సాయపడినా ఆ కచేరీని తాను విన్నవాడికే అది దక్కుతుంది.