ఒకరి బాకీ, ఇద్దరి ఇల్లు

భార్యాభర్తలిద్దరి పేరిట ఉన్న ఇంటి మీదికి ఒకరు చేసిన క్రెడిట్ కార్డు బాకీని మళ్లించడం న్యాయమా అన్న ప్రశ్న బ్యాంకులకన్నా పాతది. ధర్మశాస్త్రం దీన్ని ఋణాదానం అనే వ్యవహారపదం (అప్పుల తగాదాల విభాగం) కింద విచారించింది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాసింది చాళుక్యుల కల్యాణంలో. ఆ కల్యాణమే నేటి బసవకల్యాణ్. 13వ శతాబ్దిలో కేతన ఆ ధర్మాలనే విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

స్మృతి ప్రకారం భర్త అప్పు భార్య తీర్చనక్కరలేదు. తీరుస్తానని ఒప్పుకున్నది, భర్తతో కలిసి చేసినది, తానే చేసినది మాత్రం ఆమె తీర్చాలి. తాగుడుకో జూదానికో తండ్రి చేసిన అప్పు కొడుక్కి అంటదు. కుటుంబ పోషణకు చేసినదైతే కుటుంబానిదే. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న కారణంతో అతనిపై దావా వేసే వీలును 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. నిజామాబాద్, బోధన్‌లలో ఎన్నో ముస్లిం కుటుంబాలు పాటించే షరియత్‌లోనూ చనిపోయినవారి బాకీ ముందుగా వారి సొంత ఆస్తిలోంచే తీరాలి, మిగిలినదే వారసులకు.

కార్డు బాకీకి తాకట్టు ఉండదు. అందుకే దాని మిత్తి ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా పోతుంది. ఇంటి లోను మరో బ్యాంకుకు మార్చి, దాని మీద అదనపు లోను (టాప్-అప్) తీసుకుని కార్డు కట్టేస్తే మిత్తి బాగా తగ్గుతుంది. ఈ లెక్క తప్పు కాదు. అయితే బ్యాంకు ఇద్దరి సిబిల్ స్కోరూ చూస్తుంది, ఇద్దరి సంతకాలూ అడుగుతుంది. సంతకం పడ్డాక మొత్తం బాకీకి ఇద్దరిలో ఎవరినైనా పట్టుకోవచ్చు. వాయిదాలు ఆగి ఖాతా మొండిబాకీ అయితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటినే స్వాధీనం చేసుకోవచ్చు.

స్మృతి అడిగిన సమ్మతి ఈ సంతకంలో ఉందా? చట్టానికి ఉంది. ఎంత బాకీ, దేనికి చేసిన బాకీ అన్నది తెలియకుండా పెట్టిన సంతకం మాత్రం ధర్మానికి చాలదు. 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ మూతపడ్డాక బోధన్‌లో జీతాలు ఆగిన ఇళ్లను తలచుకుంటే తేడా తెలుస్తుంది. అలాంటి ఇంట్లో దవాఖానకో పిల్లల ఫీజుకో గీకిన కార్డు కుటుంబ ఋణమే, కార్డు ఎవరి పేరున ఉన్నా. అది ఇంటి మీదికి రావడం అన్యాయం కాదు. చాటుగా ఆన్‌లైన్ ఆటల్లో పోగొట్టినది స్మృతి చెప్పిన జూదపు అప్పే. ఆ భారం చేసినవారి సంపాదనపైనే ఉండాలి, మిత్తి ఎక్కువైనా సరే.

టాప్-అప్‌తో తీర్చిన కార్డును తెరిచే ఉంచితే పాత బాకీ ఇంటి మీద ఉండగానే కొత్తది మొలుస్తుంది. బాకీ లేని కార్డును రద్దు చేయమని అడిగితే బ్యాంకు 7 పనిదినాల్లో చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ. 500 కార్డుదారుకు చెల్లించాలని 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన.