గాలం వేయదగిన నీరు

నగరంలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజున గంట గంటన్నర ప్రయాణంలో చేపలున్న పారే నీటిని వెతుక్కుంటూ వెళ్లే అలవాటు పైకి చిన్న కాలక్షేపంలాగే కనిపిస్తుంది. ఆకలి కోసం కాక ఆనందం కోసం ఒక ప్రాణిని పట్టడం ధర్మమేనా అన్న పాత ప్రశ్న మాత్రం ఆ అలవాటుతోనే మళ్లీ ముందుకు వస్తుంది. వాషింగ్టన్ పరిసరాల్లో నివసించేవారు, వారిలో తెలుగువారు కూడా, సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని షెనండోవా నదిలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం వెళ్లగలరు. గుంటూరు, విజయవాడ వాసులకు అంతకన్నా తక్కువ దూరంలోనే దుగ్గిరాల, కొలకలూరు, తెనాలి ప్రాంతాల కాలువలూ, రేపల్లె వైపు సాగే మురుగు కాలువలూ ఉన్నాయి. వాటిలో గాలం వేసేవారు ఎక్కువగా కోరుకునే చేప కొరమీను. రెండు చోట్లా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: చేప దొరికే ప్రతి నీరూ గాలం వేయదగిన నీరేనా?

ఈ నీళ్లు పూర్తిగా ప్రకృతి ఇచ్చినవి కావు. 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట కట్టిన తరువాతనే పశ్చిమ డెల్టాకు కాలువల వ్యవస్థ ఏర్పడింది. సీతానగరం దగ్గర బయలుదేరే ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర శాఖలుగా చీలి, తెనాలి ప్రాంతం మీదుగా సముద్రతీరపు పొలాలదాకా సాగుతుంది. ఆ ఆనకట్టకు ఒక్క ఏడాది ముందు, అంటే 1854లో, అమెరికాలో షెనండోవా కలిసే పొటోమాక్ నదికి స్మాల్‌మౌత్ బాస్ మొదటిసారి చేరింది. అంతకుముందు ఆ నదిలో లేని ఈ చేపను రైలు ఇంజనుకు అనుబంధంగా ఉండే నీటి తొట్టిలో వేసి కొండలు దాటించి తెచ్చారు. ఒకచోట మనిషి నీటిని చేప దగ్గరకు నడిపించాడు, మరొకచోట చేపను నీటి దగ్గరకు నడిపించాడు. తానే ఏర్పరచిన ఆ బతుకుకు తనకు పూచీ లేదని మనిషి అనగలడా?

శతపథ బ్రాహ్మణంలోని మనువు కథకు ఇక్కడ కొత్త అర్థం కనిపిస్తుంది. చేతులు కడుక్కుంటున్న మనువు అరచేతిలోకి వచ్చిన చిన్న చేప తనను కాపాడమని అడుగుతుంది. చేపను చేపే తింటుంది గనుక చిన్నగా ఉన్నంతకాలం తనకు భయమని చెబుతుంది. మనువు దాన్ని మొదట కుండలో, పెరిగాక గుంటలో, ఆ తరువాత సముద్రంలో విడుస్తాడు. పెద్దది చిన్నదాన్ని మింగే స్థితినే తరువాతి రాజనీతి గ్రంథాలు మత్స్యన్యాయం అన్నాయి. ఆ స్థితినుంచి తప్పించమని అడిగిన చేపకు రక్షణ ఇవ్వడం అంటే దాని పెరుగుదలకు తగిన నీటిని చూపడమే అని ఈ కథ చెబుతుంది. డెల్టాలో జరిగేది దీనికి తలకిందులు. పంట కాలం ముగిసి కాలువలు కట్టేసినప్పుడు నీరు తగ్గుతూ తగ్గుతూ అక్కడక్కడ మడుగులుగా మిగులుతుంది, చేపలన్నీ వాటిలోకి చేరతాయి. కూలి దొరకని రోజుల్లో ఆ మడుగుల్లో చేపలు పట్టుకుని కూర వండుకునే కుటుంబానికి అది తిండి; వారిని తప్పు పట్టడానికి ఎవరికీ అధికారం లేదు. సరదా కోసం కారులో వచ్చినవాడు, పారిపోయే దారి లేని చేపకు గాలం వేయడం మాత్రం వేట అనే పేరుకు కూడా తగదు.

ఈ రెండు చేపలకూ ఉన్న ఒక సమాన గుణం ప్రశ్నను మరింత సూటిగా చేస్తుంది. మగ స్మాల్‌మౌత్ బాస్ వసంతంలో గులకరాళ్ల మధ్య గూడు చేసి, గుడ్లనూ పిల్లలనూ ఒంటరిగా కాపలా కాస్తుంది. దాన్ని అక్కడినుంచి తప్పిస్తే, కొద్దిసేపటికే ఇతర చేపలు గుడ్లమీద పడతాయి. గాలిని నేరుగా పీల్చగలిగే కొరమీను వానాకాలంలో గుడ్లు పెడుతుంది. ఎర్రగా మెరిసే పిల్లలు గుంపుగా నీటి పైభాగంలో తిరుగుతుంటే పెద్ద చేప వాటి కిందనే ఉండి, దగ్గరకు వచ్చిన దేనిమీదనైనా దూకుతుంది. అందుకే అనుభవజ్ఞుడు ఆ ఎర్రని గుంపును గుర్తించి, కప్పపిల్లను గుచ్చిన గాలాన్ని తంగూసుతో అక్కడికే విసురుతాడు. చేప ఎరను పట్టేది ఆకలితోనే కాదు, బిడ్డలకు అడ్డుపడాలనే తెగువతో కూడా. ఆ తెగువనే ఎరగా వాడుకోవడాన్ని నేర్పు అనడానికి మనస్సు ఒప్పుకోకూడదు.

పట్టి వదిలేస్తే దోషం లేదన్నది నేటి వినోద వేటగాళ్ల ప్రధాన సమాధానం. దీన్ని జైన ధర్మపు వెలుగులో చూడాలి. ప్రాణం తీయడం ద్రవ్యహింస, అంటే బయట జరిగే హింస. తీయాలన్న, బాధించాలన్న లేదా ఏమరుపాటుతో కూడిన మనోవృత్తి భావహింస, అంటే లోపల జరిగే హింస. వదిలేసిన చేప బతికితే మొదటిది తప్పవచ్చు; దాని పెనుగులాటనే ఆనందంగా అనుభవించినందువల్ల రెండవది నిలిచే ఉంటుంది. కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం, అని బోధించిన బుద్ధుడు, చేపలను హింసిస్తున్న పిల్లలను చూసి, నొప్పి అంటే మీకు భయం లేదా అని అడిగిన సంఘటన పాళీ గ్రంథమైన ఉదానంలో ఉంది. ఆ బుద్ధుడి ధాతువులు ఉంచినవని చెప్పే శిలా భరిణెలు 1892లో తవ్వకాల్లో బయటపడిన భట్టిప్రోలు ఇదే కాలువల దేశంలో, తెనాలి రేపల్లెల మధ్య ఉంది. చేపకు నొప్పి తెలుస్తుందా అన్న ప్రశ్న ఇప్పటికీ వివాదంలోనే ఉన్నా, రెయిన్‌బో ట్రౌట్ తల భాగంలో హాని కలిగించే స్పర్శను గుర్తించే నాడీ గ్రాహకాలు ఉన్నాయని శాస్త్రవేత్త లిన్ స్నెడ్డన్ బృందం 2003లో ప్రకటించింది.

ఎదుటి వాదంలో బలం లేకపోలేదు. అమెరికాలో 1950 నాటి చట్టం ప్రకారం గాలపు సామగ్రిపై వసూలయ్యే పన్ను చేపల సంరక్షణకే వెళుతుంది. నదిని ప్రేమించే వేటగాడు దాని కాలుష్యాన్ని మొదట గుర్తించేవాడు కూడా. మహాభారతం అరణ్యపర్వంలోని మాంసం అమ్మే ధర్మవ్యాధుడు సైతం, దున్నే నాగలి కింద ఎన్నో ప్రాణులు పోతాయనీ, పూర్తి అహింస ఎవరికీ సాధ్యం కాదనీ కౌశికుడనే బ్రాహ్మణుడికి చెబుతాడు. కాని అతడు మాంసం అమ్మేది కులవృత్తిగా, జీవనం కోసం, తాను చంపకుండా. వినోదానికి ఆ వాదాన్ని అరువు తెచ్చుకోవడం కుదరదు. తినడానికి కావలసినంత పట్టి ఇంటికి తీసుకుపోయేవాడే, పట్టి ఆడించి వదిలేవాడికన్నా ధర్మానికి దగ్గరగా ఉన్నాడు.

సంపూర్ణ నిషేధానికీ స్వేచ్ఛకూ మధ్య దారి ఒకటుంది. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు అశోకుడు వేయించిన ఐదవ స్తంభ శాసనం కొన్ని పౌర్ణమి, ఉపవాస దినాలలో చేపలను చంపడాన్నీ అమ్మడాన్నీ వారించింది. చూలుతో ఉన్న, పాలిచ్చే మేకలనూ గొర్రెలనూ పందులనూ చంపరాదన్నది. నేడు నిజాంపట్నం రేవుతో సహా తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆగడం కూడా చేపల పునరుత్పత్తి కోసమే. శ్రావణంలో నీచు ముట్టని తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ నెల కొరమీను పిల్లలను కాచుకునే కాలంలోనే వస్తుంది. ఆ నియమం వంటగది గడపదాకా ఉంటే చాలదు. నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయకుండా వెనక్కి రావాలనీ, కాలువ కట్టేసిన రోజుల్లో మడుగులను అవసరమున్నవారికే వదిలేయాలనీ కొలకలూరు కాలువ గట్టుకు వచ్చే ప్రతి నగరవాసీ నియమం పెట్టుకోవాలి.