పెనమా, కుంపటా?

మా తమ్ముడు డాలస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నాడు. ఇంటి వెనక ఆరేడు మడతమంచాలు వేసుకునేంత సిమెంటు అరుగు, దాని అవతల గడ్డి, గడ్డి చుట్టూ చెక్క కంచె. కిందటి వేసవిలో నెల్లాళ్లు ఉండిపోదామని వెళ్లాను. వెళ్లిన మూడో రోజునే ఒక తగవు తీర్చమని నన్ను పెద్దమనిషిని చేసి కూర్చోబెట్టారు. ఆ అరుగు మీదికి బార్బెక్యూ కొనాలా, గ్రిడిల్ కొనాలా? అదీ తగవు.

ఇంత చిన్న విషయానికి పెద్దమనిషి ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను. ఇంటికి తిరిగొచ్చి ఇన్ని నెలలయినా అది నన్ను వదల్లేదు.

ఈ రెండూ మనకి కొత్తవేమీ కావు, పేర్లే కొత్త. గ్రిడిల్ అంటే పెద్ద పెనం. మూడడుగుల వెడల్పున దళసరి ఉక్కు పలక, దాని కింద నాలుగు గ్యాసు పొయ్యిలు, పక్కన సిలిండరు. కొత్తగా కొన్నప్పుడు నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి, మళ్లీ రాసి మళ్లీ కాల్చి, నల్లగా నిగనిగలాడేట్టు చెయ్యాలి. సరిగ్గా మా అమ్మ సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది కొత్త పెనాన్ని దారికి తెచ్చినట్టే. ఇక బార్బెక్యూ అంటే మన కుంపటికి అన్నగారు. కింద బొగ్గులు, పైన ఇనప ఊచలు, ఆ పైన మూత. మూత పెట్టిన ఈ గుండ్రటి రకాన్ని 1952లో షికాగో ప్రాంతంలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన తయారు చేశాడు. నీళ్లలో తేలే బోయాలు చేసే వర్క్‌షాపులో పని చేస్తూ, ఒక లోహపు గోళాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి కిందా ఒకటి పైనా పెట్టాడట. ఊచల మీద పెట్టిన మాంసంలోంచి కొవ్వు బొగ్గుల మీద పడి పొగ లేస్తుంది. ఆ పొగే రుచి. పెనం మీద ఆ పొగ రాదు. ఊచల మీద దోసె రాదు.

తగవంతా ఆ దోసె దగ్గరే.

"అక్కా, గ్రిడిలే కొందాం. ఒక్కసారి నాలుగు దోసెలు పడతాయి. వచ్చినవాళ్లందరికీ వేడివేడిగా పెట్టొచ్చు. మీ మరదలికీ సుఖం, లోపలికీ బయటికీ తిరగక్కర్లేదు" అన్నాడు తమ్ముడు. నాకు ముచ్చటేసింది. పెళ్లాం సుఖం గురించి ఆలోచించే మగవాడు మా వంశంలో పుట్టాడు కదా అనుకున్నాను.

మరదలు మాత్రం, "బార్బెక్యూయే కొనమనండి వదినా" అంది. ఆ పిల్ల కోడిమాంసం ముట్టదు. పొగ పడదు. నాకేమీ అర్థం కాలేదు.

రాత్రి బట్టలు మడత పెడుతూ తనే చెప్పింది. "బార్బెక్యూ కొంటే ఆయన వండుతారు. పెనం కొంటే నేను వండాలి. అంతే వదినా."

నా చేతిలో తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

నిజమే మరి. పక్కింటి అమెరికన్ ఆయన శనివారం రాత్రి నిప్పు రాజేసి, పది పన్నెండు గంటలు మాంసాన్ని సన్నసెగ మీద పెట్టి, పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మెడలో ఏప్రన్, చేతిలో కాఫీ. మధ్యాహ్నానికి బంధువులంతా వచ్చి ఆయన భుజం తట్టేవారు. ఆయన భార్య లోపల ఏడుగిన్నెల సలాడూ, బంగాళాదుంపలూ చేసి తెచ్చి బల్ల మీద పెడితే భుజం తట్టినవాళ్లని నేను చూడలేదు. టెక్సాస్‌నేం అంటాం, మన పెళ్లిళ్లలో పెరట్లో గాడిపొయ్యి తవ్వితే దాని దగ్గర నిలబడేదీ మగవాళ్లే. మంచి వంటని మెచ్చుకోవాల్సొస్తే మన భాషకి తోచింది నలుడూ, భీముడూ. ఇద్దరూ మగవాళ్లే. ఏడాదికోసారి మండే పెద్ద పొయ్యి, నలుగురూ చూసే పొయ్యి మగవాడిది. రోజూ మండే చిన్న పొయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు.

ద్రౌపది సంగతి గుర్తుందా? అరణ్యవాసంలో అక్షయపాత్ర ఎంతమందికైనా పెడుతుంది. ఎంతవరకూ? ఆవిడ తినేవరకు. ఆవిడ తిందంటే ఆ పూటకి పాత్ర ఖాళీ. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా దుర్వాసుడొచ్చేశాడే, ఇప్పుడెలా అని హడలిపోయేదాన్ని. ఆ పిల్ల అప్పటిదాకా ఆకలితో కూర్చుందే అని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

మా ఇంట్లో అక్షయపాత్ర ఇనప పెనం. ఆదివారం దోసెలు. మేం నలుగురు పిల్లలం, నాన్నగారు, బామ్మ. అమ్మ ఒక్కొక్కటీ వేసి, మాకు పడేస్తూ ఉండేది. "ఇంకోటి, ఎర్రగా!" "నాకు మెత్తగా!" "దీనికంటే అది పెద్దది!" అని కేకలు. చివరికి పిండి గిన్నె కడిగిన నీళ్లలాంటి పిండితో అమ్మకి ఒక దోసె, అది చిరిగిపోయేది. పెనం పక్కన నిలబడే తినేసేది. తర్వాత మధ్యాహ్నం వంట.

ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి. అమ్మ బాధపడేదని రాస్తే అబద్ధమవుతుంది. అమ్మ సంతోషంగానే ఉండేది. "నువ్వు తినమ్మా, నేను వేస్తాను" అని నేను పెద్దయ్యాక అట్లకాడ అందుకోబోతే, చేతిమీద ఒక్కటిచ్చింది. అది ఆవిడ రాజ్యం. మరి సంతోషంగా చేసిన పనిలో అన్యాయం ఉంటుందా? ఆవిడకి లేని బాధ నేనెవర్ని పడటానికి?

బి.ఏ.లో నాకు ఫిలాసఫీ ఉండేది. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా చూడకూడదు అన్న కాంట్‌ని అప్పట్లో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఆ మహానుభావుడికి నలుగురితో కలిసి భోంచెయ్యడం మహా ఇష్టం. పంక్తిలో ముగ్గురికి తగ్గకూడదు, తొమ్మిదిమందికి మించకూడదు అని లెక్క కూడా రాశాడు. ఆ లెక్కలో వంటింట్లో ఉన్న మనిషి లేదు. పాపం, ఆయన్నని ఏం లాభం? మా ఇంట్లోనూ ఆదివారం దోసెలకి ఎంతమందిమి అంటే ఆరుగురం అనే చెప్పేవాళ్లం.

నాకు తోచినంతలో సంగతి ఇది. అమ్మ సంతోషం నిజమే. కానీ ఆ సంతోషాన్ని అడ్డం పెట్టుకుని మేం ఒక ప్రశ్న ఎగ్గొట్టాం. ఆవిణ్ని అడగలేదు. అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అనే అనేది, అది వేరే మాట. అడగకపోవడం మాత్రం మాది. మా తమ్ముడూ మంచివాడే. గిన్నెలు కడుగుతాడు, పిల్లలకి స్నానాలు చేయిస్తాడు. మరదలికి సుఖంగా ఉంటుందనే గ్రిడిల్ కొందామన్నాడు. ఆ సుఖం ఏ ఆకారంలో ఉండాలో ఆ పిల్లని అడగలేదు. మనం ఎదుటివాళ్లకి చేసే ఉపకారాల్లో సగం ఇలాంటివే కాబోలు. పుట్టినరోజుకి మిక్సీ కొనివ్వడం లాంటివి!

తీరా లెక్క వేస్తే వాడి మాటలోనూ న్యాయం ఉంది. ఇరవైమంది వస్తే మనిషికి రెండు చొప్పున నలభై దోసెలు. దోసెకి మూడు నాలుగు నిమిషాలనుకున్నా, లోపల చిన్న పెనం మీద ఒక్కొక్కటిగా రెండు గంటలు దాటుతుంది. పెద్ద పెనం మీద నాలుగేసి చొప్పున వేస్తే నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఆ మాటే మరదలితో అన్నాను. బార్బెక్యూకి మూత ఉంది, పెట్టి కూర్చోవచ్చు. పెనానికి మనిషి కాపలా ఉండాలి, ఆ నలభై నిమిషాలూ ఎవరు నిలబడతారు అంది. ఇంకో చిక్కూ ఉంది. వచ్చేవాళ్లలో సగం మంది శాకాహారులు, పెనం మీద పొద్దున కోడి కాల్చి సాయంత్రం దోసె వేస్తే తినరు. అది పెద్ద విషయం కాదు, పెనం దోసెలకే అని ఒక్క మాటతో తేలిపోయింది. కాపలా సంగతే తేలలేదు.

చివరికి నా తీర్పు ఏమిటంటారా? నేనేం చెప్పలేదు. మొగుడూ పెళ్లాల మధ్య తీర్పులు చెప్పి చెడ్డ ఆడపడుచులు చాలామంది ఉన్నారు. "బార్బెక్యూ ఎందుకంటోందో దాన్నే అడగరా" అన్నాను, అంతే. అడిగాడు. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. పొద్దున్నే గ్రిడిల్ కొనడానికి బయల్దేరారు. షరతు ఒక్కటే, అట్లకాడ వాడి చేతిలో ఉండాలి.

ఆ ఆదివారం అయిదు కుటుంబాలొచ్చాయి. పెనం ఇంకా దారికి రాలేదు, మొదటి నాలుగు దోసెలూ అంటుకుపోయి ముద్దయ్యాయి. అంతే, కుర్చీల్లోంచి నలుగురు ఆడవాళ్లు లేచారు. "ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ!" మరదలు నవ్వుతూనే ఒక్కొక్కళ్లనీ మళ్లీ కూర్చోబెట్టింది. ఏమాటకామాటే, పదో దోసెకి వాడికి చెయ్యి తిరిగింది. నీళ్లు చిలకరించి సెగ తగ్గించడం, మధ్యలో వేడెక్కువని పక్కలకి జరపడం తెలిసింది. మగవాళ్లు చుట్టూ చేరి సలహాలు చెప్పారు. మేం ఆడవాళ్లం కూర్చుని తిన్నాం. మరదలు వరసగా మూడు తినడం ఆ రోజే చూశాను, మూడూ వేడివే.

అందరివీ అయ్యేసరికి గిన్నెలో అడుగున కాస్త పిండి మిగిలింది. వాడు చెమటలు తుడుచుకుంటూ ఒక దోసె వేసుకున్నాడు. చిరిగింది. పెనం పక్కనే నిలబడి, ఆ చిరిగిన దోసెని చట్నీ కూడా లేకుండా చుట్టి నోట్లో పెట్టుకున్నాడు.

నా ప్రాణం విలవిల్లాడింది. పిల్లాడు పొద్దుట్నించీ ఏమీ తినలేదు, అందరూ తిన్నాక ఆఖరున ఆ చిరిగినదా! గబుక్కున లేచి అట్లకాడ అందుకోబోయాను. సగం దూరం వెళ్లాక కాళ్లు ఆగిపోయాయి. అమ్మని అలా చూసిన ఆదివారాలు ఎన్నో. ఒక్క ఆదివారమైనా నా ప్రాణం ఇలా కొట్టుకుందా? నెల్లాళ్లుగా మరదలు నాకు రోజూ టిఫిన్ పెట్టి తర్వాత తింటోంటే కొట్టుకుందా?

"ఏంటి వదినా, ఏం కావాలి?" అంది మరదలు, కుర్చీలోంచే.

"మంచినీళ్లు" అన్నాను.