కొండమీద ఇరవై సెంట్లు

ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో ఒక పాట మొదలవుతుంది. "చల్లటి చోట ఎక్కడైనా చిన్న ఇల్లుంటే ఎంత బావుండునో!" అని. పాడేది నేను. వంత పాడేది మా వదిన, అంటే మావారి అక్కగారు. "డబ్బేదీ?" అని తాళం వేసేది మావారు. ఏటా ఆ తాళంతోనే పాట ముగిసిపోతూ వుండేది.

రెండేళ్ల కిందట మాత్రం ముగియలేదు. చైత్రమాసంలో ముగ్గురం విశాఖపట్నం నుంచి అరకు బయలుదేరాం. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే రెండు పక్కలా కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు తెల్లగా పూసి వున్నాయి. అచ్చం మల్లెపూల వాసన. ఆ వాసనకు మైమరచి వుండగా ఒక మలుపు దగ్గర కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు! దాని వెనక పదిమంది ఆడవాళ్లు, నవ్వుతూ. ఇటుకల పండుగట. విత్తనాలకు పూజ చేసి, మగవాళ్లు వేటకని అడవిలోకి వెళ్తే ఆడవాళ్లు ఇలా దారి కాచి పండగ డబ్బులు వసూలు చేస్తారట. "ఇదేం టోల్ గేటే?" అని వదిన సణిగింది. వాళ్లలో ఒకామె విన్నది కాబోలు, "మా ఊరి దారి గదమ్మా!" అన్నది. ఇరవై రూపాయలిచ్చాం. బొంగు లేచింది. ఆ మాట మర్నాడే మళ్లీ గుర్తుకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

మర్నాడు పొద్దున టీ తాగుతున్నచోట ఒకాయన పరిచయమయ్యాడు. మా పాట ఆయన చెవిన పడనే పడింది. "ఇరవై సెంట్లుంది మేడమ్ గారూ. ఎదురుగా కొండ, పక్కనే గెడ్డ. మీరు ఊహించలేని ధర" అన్నాడు. "ఇక్కడ మనం కొనకూడదంటారే?" అన్నారు మావారు. "మీ పేరున ఎవరు కొనమన్నారు? కాగితం ఇక్కడివాడి పేరున వుంటుంది. ఇల్లు మీది. అందరూ చేసేదే" అన్నాడాయన, అదేదో పెరుగు తోడుపెట్టడమంత మామూలు సంగతైనట్టు.

వెళ్లాం. చూడ్డానికే కదా, చూస్తే పోయేదేముంది అనుకుంటూ వెళ్లాం. తప్పు దిక్కుగా వేసే మొదటి అడుగు ఎప్పుడూ 'చూడ్డానికే' కదా!

ఆ కొండపల్లెల్లో భూమి ఒక రకంగా వుండదు. గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా గట్లు వేసిన మడులుంటాయి. అది పల్లం, వరి పండుతుంది. దానిపైన కాస్త చదునుగా వుండే మెట్టనేల గరువు. చోళ్లు, సామలు, వలిసెలు పండేది అక్కడ. ఇంకా పైన ఏటవాలు కొండ. అక్కడ పొదలు నరికి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి విత్తే పోడు వ్యవసాయం. ఇప్పుడు చాలాచోట్ల పోడు స్థానంలో కాఫీ, దాని నీడచెట్లకు అల్లుకుని మిరియం. మాకు చూపించింది గరువు నేల.

భూమి ఆసామి తల వంచుకుని నిలబడ్డాడు. కొడుకు చదువుకు చేసిన అప్పు వుందట, సంతలో షావుకారు దగ్గర. అతని భార్య కొంచెం ఎడంగా కూర్చుని మమ్మల్నే చూస్తోంది. బేరం ఆమెకు సంబంధించినది కానట్టే అందరం మాట్లాడుకున్నాం. నేను కూడా! ఉన్నట్టుండి ఆమె నన్నడిగింది.

"ఇల్లు కడతారు. నీళ్లు ఎక్కడివి తాగుతారమ్మా?"

"బోరు వేయిస్తాం" అన్నారు మావారు.

ఆమె మాట్లాడలేదు. చేత్తో పైకి కొండ చూపించింది. తర్వాత మేం నిలబడ్డ నేల చూపించింది. తర్వాత కిందనున్న మడులు ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయింది. కొండ మీద చెట్ల మొదట్లో ఇంకిన వాన ఈ నేల అడుగునుంచే కిందికి వెళ్లి ఊటై, గెడ్డై, ఒకరి మడి నిండాక మరొకరి మడిలోకి జారుతుంది. ఆ మడులు ఒక ఇంటివి కావు. బోరు సంగతి కింది మడులవాళ్ల నెవరూ అడగలేదు. మా అందరికీ అర్థమైంది. అయినా బ్రోకరు "ఆలోచించుకోండి" అన్నాడు, మేం "ఆలోచిస్తాం" అన్నాం.

తిరుగు ప్రయాణంలో కారు నిండా వాదనే.

వదిన వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. "చట్టం తప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ ఇదేం చట్టం చెప్పు. వాడి భూమి, వాడి అవసరం. అమ్ముకోవద్దనడానికి ప్రభుత్వమెవరు? మన పట్టణంలో నీ స్థలం ఎవరికి అమ్మాలో ఎవడైనా చెబితే ఊరుకుంటావా? వాళ్లకు బుద్ధి లేదనేగా దీని అర్థం? రక్షణ పేరున చేసే అవమానం ఇది" అన్నది.

నాకు జవాబు తోచలేదు. ఎందుకంటే ఆ బాధ మా అమ్మది.

మా తాతగారు అమ్మకు పసుపు కుంకుమల కింద ఎకరన్నర ఇచ్చారు. ఇస్తూ, మామయ్యల అనుమతి లేకుండా అమ్మకూడదని మాట తీసుకున్నారు. నాన్నకు జబ్బు చేసినప్పుడు అమ్మ ఆ పొలం అమ్ముదామనుకుంది. మామయ్యలు సరేననలేదు. అమ్మ గాజులు అమ్ముకుంది. "నా పేరున వున్న భూమికి నేను కాపలాదారునే గానీ యజమానురాలిని కాను" అని ఆవిడ కళ్లొత్తుకోవడం నాకిప్పటికీ గుర్తే. నాన్న పోయాక పాతికేళ్లు ఆ పొలమే ఆవిడకు అన్నం పెట్టింది. మరి మామయ్యలు చేసింది మంచా, చెడా? అమ్మ కడదాకా వాళ్లను క్షమించనూ లేదు, పొలం మీది గింజలు కాదననూ లేదు.

ఇంటికొచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఏజెన్సీలో అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే చట్టం వెనక పెద్ద కథే వుంది. 1959 నాటి రెగ్యులేషన్‌లో అధికారి అనుమతి వుంటే గిరిజనుడి భూమి ఇతరులకు చేరే సందు వుండేది. 1970లో ఆ సందు మూశారు. షెడ్యూల్డు ప్రాంతంలో ఎవరి భూమీ గిరిజనేతరులకు బదిలీ కాకూడదన్నారు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనుడు మరో గిరిజనుడికి మాత్రం అమ్ముకోవచ్చు. అంటే ఆ కంచె అతని కాళ్లకు కట్టింది కాదు. మా కారుకు అడ్డం పెట్టింది! 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. మేం చూసివచ్చిన బొర్రా పరిసరాల్లో గనుల లీజుల గురించి పుట్టిన కేసే అది. ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే', కాబట్టి అది కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది.

ఇంతవరకూ బాగానే వుంది. కానీ వదిన ప్రశ్న అలాగే మిగిలింది. కంచె మంచిదే కావచ్చు, అది ఎవరు వేసినట్టు?

దానికి జవాబు నాకు రెండుచోట్ల దొరికింది. ఒకటి 1996 నాటి పెసా చట్టం. తన పనులు తాను చూసుకునే ఒక చిన్న గూడెమైనా సరే, దాన్ని గ్రామంగా లెక్కించి, దానికో గ్రామసభ వుండాలంటుంది ఆ చట్టం. భూమి చేయి జారిపోకుండా ఆపే అధికారం, జారిపోయినదాన్ని తిరిగి రప్పించే అధికారం గ్రామసభకో, తగిన స్థాయి పంచాయతీకో వుండాలంటుంది. మన రాష్ట్రంలో దాని నియమావళి రావడానికి 2011 దాకా పట్టిందనుకోండి. మంచి మాటలెప్పుడూ నడిచే వస్తాయి, కారెక్కి రావు.

రెండోది కాగితం మీది మాట కాదు. 2025 ఫిబ్రవరిలో, పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సడలిస్తే బావుంటుందన్న మాట ఒక పెద్ద నోటినుంచి వచ్చింది. వెంటనే ఏజెన్సీలో బంద్ జరిగింది. చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. వదినకు పేపరు చూపించాను. "చూశావా? అవమానమైతే తీసేయమని కదా అడగాలి, వుంచమని బంద్ చేస్తున్నారేమిటి?" అన్నాను. వదిన పేపరు మడిచి, "అందరూ అడిగారేమో. ఆ అప్పున్నవాడు అడిగాడా?" అన్నది. ఆవిడతో వాదించి గెలవడం మా వంశంలో ఎవరివల్లా కాలేదు.

అయినా ఆవిడ మాటలోనే నాకు తేడా తెలిసింది. అమ్మ విషయంలో జరిగిన తప్పు పొలం అమ్మనివ్వకపోవడం కాదు. నిర్ణయించినవాళ్ల మధ్య అమ్మకు కూర్చోవడానికి చాప వేయకపోవడం. ఆవిడను పిలిచి, లెక్క చెప్పి, పొలం నిలుపుకుని వైద్యానికి డబ్బెలా తేవాలో నలుగురూ ఆలోచించివుంటే అదే కట్టుబాటు ఆవిడకు అండ అయ్యేది. కట్టుబాటు తాళంచెవి ఎవరి కొంగున వుందన్నదే అసలు సంగతి.

ఇక 'నా భూమి నా ఇష్టం' అన్నది. నా మెళ్లో గొలుసు అమ్మితే నా మెడ ఒక్కటే బోసిపోతుంది. కొండవాలులో నేల పరాయిచేతికిస్తే కింది మడులన్నీ బోసిపోతాయి. నీరు ఒకరి గట్టు దాటి మరొకరి గట్టులోకి జారేచోట నిర్ణయం మాత్రం ఒకరి గుమ్మంలోనే ఎలా ఆగుతుంది? అందుకే అక్కడ ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి. కూర్చున్నప్పుడు అప్పున్నవాడి అప్పు కూడా ఊరి మాటల్లోకి రావాలి. అమ్మవద్దని మాత్రం చెప్పి అప్పు అతనికే వదిలేస్తే, అది మా మామయ్యల సభే అవుతుంది.

మరి ఆ సభలో ఆడవాళ్ల మాటేమిటి? 2006 అటవీహక్కుల చట్టంలో ఒక అంశం చదివి నాకు ముచ్చటేసింది. అడవినేల సాగు చేసుకునే దంపతులకు ఇచ్చే హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా వుండాలి. అది పిల్లలకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. ఆ హక్కులు తేల్చే గ్రామసభకు వచ్చినవారిలో మూడోవంతైనా స్త్రీలుండాలని నియమం. పట్టణాల్లో మన ఇళ్ల దస్తావేజులు ఒక్కసారి బీరువాలోంచి తీసి చూడండి, ఎన్నింటిమీద రెండు పేర్లున్నాయో!

అయితే మేం చూసింది గరువు నేల, పాత పట్టా. దానిమీద ఆమె పేరుందో లేదో నేను అడగలేదు. ఆ రోజు మా అందరిలో అడగవలసిన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

మేం కొనలేదు. దీన్ని గొప్పగా చెప్పడం లేదు. దొంగతనం చేయనివాడికి సన్మానమెందుకు? పైగా మేం కొనకపోవడంవల్ల ఆ షావుకారు అప్పు ఒక్క రూపాయి తరగలేదు. ఈ సంగతి రాత్రిళ్లు అప్పుడప్పుడూ గుర్తుకొచ్చి ఇబ్బంది పెడుతుంది.

మొన్న ఎండలు మొదలయ్యాయి. అలవాటుగా పాట ఎత్తుకున్నాను. "చల్లటి చోట ఎక్కడైనా చిన్న ఇల్లుంటే..."

"నీళ్లు ఎక్కడివి తాగుతావే?" అన్నది వదిన, వంటింట్లోంచి.