ఊనోదరి వ్రతము – చక్కెర వ్యాధి

ధనము సంపాదించుట కష్టము. సంపాదించినదానిని ఆరోగ్యముతో అనుభవించుట అంతకంటె కష్టము. చక్కెర వ్యాధి మాట వినబడని వర్తకుల యిల్లు నేడు అరుదు. మాంసము ముట్టని, మద్య మెఱుగని, ఆలుగడ్డనైనను వంటయింటిలోనికి రానీయని కుటుంబములను సైతము ఈ వ్యాధి విడుచుట లేదు. ఇందుండి ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. నియమము తప్పని భోజనమే రోగమునకు దారి తీసినపుడు లోపము నియమములో నున్నదా, ఆచరణలో నున్నదా? ఆరోగ్యము కొఱకు ఆహారము తగ్గించినచో అది తపస్సగునా, కేవలము వైద్యమగునా?

ముందుగా వ్యాధి స్వరూపమును తెలిసికొనుట మంచిది. తిన్న అన్నము, రొట్టె, మిఠాయి జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను కండరములకు, కాలేయమునకు అందించుటకై క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను పుట్టించును. దీనిని అంగడి పోలికతో చెప్పవచ్చును. గోదాము నిండియున్నను సరకు బండ్లు ఆగక వచ్చుచుండినచో యజమాని హమాలీలను రెట్టింపు చేయును. కొంతకాలము పని సాగును. తుదకు హమాలీలు అలసిపోవుదురు. సరకు వీధిలోనే నిలిచిపోవును. అట్లే నడుము చుట్టు కొవ్వు పెరిగి, కదలిక తగ్గినవాని దేహములో ఇన్సులిన్ ఎక్కువగా ఊరుచున్నను పని తక్కువగా జరుగును. ఆ దశలో రక్తపరీక్ష బాగుగనే కనబడవచ్చును. ఏండ్లు గడచిన పిదప క్లోమము అలసి, చక్కెర రక్తములోనే నిలుచును. పరగడుపున డెసిలీటరు రక్తమునకు చక్కెర 100 మిల్లీగ్రాములకు లోపల నుండవలెను. 100 నుండి 125 వఱకు హెచ్చరిక. 126గాని అంతకు మించిగాని యున్నచో, మరల పరీక్షించి వ్యాధి యని వైద్యులు నిర్ణయింతురు. అశ్రద్ధ చేసిన వ్యాధి కన్నులను, మూత్రపిండములను, పాదములను, గుండెను దెబ్బతీయును.

ప్రమేహమునకు కారణములు చెప్పుచు చరక సంహిత సుఖముగ కూర్చుండుటను, సుఖముగ నిద్రించుటను ముందు పేర్కొని, పెరుగు, పాలు, కొత్త ధాన్యము, బెల్లపు వంటకములు మొదలగువానిని వాని సరసన చేర్చినది. ఉదయము మొదలు దుకాణములో పరుపుపై కూర్చుండి లెక్కలు చూచుకొనువారికి ఈ మాట అద్దము వంటిది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశమంతట జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము దేశములో 10.1 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు, 13.6 కోట్ల మంది దాని గుమ్మమున నిలిచియున్నారు.

జైన ధర్మము ఆహారము విషయమున రెండు ప్రశ్నలు వేసినది. ఏది తినరాదు? ఎంత తినవలెను? మొదటి ప్రశ్నకు సమాధానమును కుటుంబములు శ్రద్ధతో కాపాడుచున్నవి. రెండవది మఱుగున పడినది. తత్త్వార్థ సూత్రము తొమ్మిదవ అధ్యాయమున ఆరు బాహ్య తపస్సులను చెప్పునపుడు, ఉపవాసము వెనువెంటనే వచ్చునది అవమౌదర్యము. దీనినే ఊనోదరి యందురు. కడుపు నిండక మునుపే చేయి కడుగుట యని అర్థము. పురుషునకు 32, స్త్రీకి 28 కబళములు నిండు భోజనమని పూర్వులు లెక్క కట్టి, అందు ఒక్క కబళము తగ్గించినను తపస్సే యనిరి. ఆ వరుసలోనే రసపరిత్యాగము కలదు; నెయ్యి, పాలు, పెరుగు, నూనె, బెల్లము వంటివానిలో కొన్నింటినైనను విడుచుట. ఉపవాసము చేసి పారణనాడు బూందీ లడ్డు, పాలకోవా కడుపు నిండ తినువాడు ఏ నిషేధమును మీఱలేదు. అందు కందమూలము లేదు, తిన్నదియు పగలే. అయినను సంయమము మాత్రము ఆ పళ్లెములో లేదు. లోపము నియమములో లేదు. నియమమును సగమే పాటించుటలో నున్నది.

ఇచ్చట సూక్ష్మదృష్టి గలవారు ఒక ఆక్షేపణ చేయుదురు. లౌకిక ఫలము నాశించి చేయు తపస్సునకు నిదానమను దోషము తగులును. చక్కెర తగ్గవలెనని తిండి తగ్గించినవాడు బేరము చేసినాడు గాని తపస్సు చేయలేదందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. రక్తపరీక్ష బాగుగ రాగానే మరల లడ్డునకు చేయి చాచువాని సంయమము నిజముగ బేరమే. అది భయముతో వచ్చి భయముతోనే పోవును. కాని బేరముగ మొదలైన ప్రతి పనియు బేరముగనే ముగియ నక్కఱలేదు. తండ్రి భయమున లెక్క వ్రాయ నేర్చిన కుఱ్ఱవాడు క్రమముగ లెక్క సరిగ నుండుటయందే తృప్తి పొందు వర్తకుడగును. అట్లే వైద్యుని మాటపై ఒక కబళము విడిచినవాడు, నాలుక తనకు యజమాని కాదని ఒకనాడు తెలిసికొనును. ఆ తెలివి కలిగిననాడు వైద్యము తపస్సు వైపు తిరుగును. భేదము పళ్లెములో లేదు, భావములో నున్నది. అయితే భావము పండువఱకు పళ్లెమును తగ్గింపకుండుట వివేకము కాదు.

రోగము అసాతావేదనీయ కర్మ ఫలము, అనుభవింపక తప్పదని మఱికొందరందురు. కర్మసిద్ధాంతము పురుష ప్రయత్నమును కాదనలేదు; కాదన్నచో తపస్సునకే తావుండదు. వ్యాధి గుమ్మమున నున్న 531 మందిపై డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందము చెన్నైలో జరిపిన పరిశీలన 2006లో వెలువడినది. సుమారు మూడేండ్లలో, సాధారణ సలహాతో విడిచిన వారిలో నూటికి 55 మంది వ్యాధిగ్రస్తులైరి; ఆహార నియమము, నడక బోధింపబడిన వారిలో 39 మంది. ప్రయత్నము వ్యర్థము కాదని దీనివలన తెలియుచున్నది. ప్రయత్నించినను కొందఱికి వ్యాధి వచ్చిన దనియు తెలియుచున్నది. కావున రోగిని చూచి నాలుక కట్టుకోలేనివాడని నిందించుట అధర్మము.

ఊనోదరి వేఱు, మందు పుచ్చుకొనుచు ఉపవసించుట వేఱు. ఇన్సులిన్ గాని గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడువారు తమంతట తాము ఉపవాసము పూనినచో చక్కెర 70కి దిగువకు పడి చెమట, వణుకు, మతి తప్పుట కలుగవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. స్పృహలో నున్నచో వెంటనే చక్కెర నీరు త్రాగింపవలెను, అది రాత్రియైనను సరే. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక వైద్యశాలకు చేర్పవలెను. వ్రతభంగ మగునని జంకరాదు. శ్వేతాంబరుల ప్రత్యాఖ్యాన పాఠములో ఆగారము లనబడు మినహాయింపులు వ్రతముతోపాటే చెప్పబడినవి; తీవ్రమైన బాధచే చిత్తసమాధి చెడునపుడు ఔషధమునకు తావిచ్చు ఆగారము అందొకటి. ఇన్సులిన్ చాలకాలము ఆవుల, పందుల క్లోమము నుండి తీయబడినది. అప్పుడు అహింసావ్రతులకు అది నిజముగ సంకటమే. 1982లో సూక్ష్మజీవుల ద్వారా తయారుచేసిన మానవ ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చినది. బాల్యములోనే ఇన్సులిన్ ఊరుట నిలిచినవారికి అదియే ప్రాణము; ఏ పథ్యమును దానికి బదులు కాదు.

ఇక గృహస్థుల పళ్లెము సంగతి. సగము బీర, సొర, కాకర వంటి కూరలు, పావు పప్పు, పావు అన్నము లేక జొన్నరొట్టె చాలును. కూర, పప్పు ముందు తిని అన్నము పిదప తినుట మేలు. చక్కెర మాని బెల్లము తినుటవలన లాభము లేదు. రక్తములో రెండును ఒక్కటే. దేహము రాత్రికంటె పగలు చక్కెరను బాగుగ వినియోగించుకొనును గనుక సూర్యాస్తమయమునకు ముందు భుజించు ఆచారము మేలైనదే. కాని ఆ ఒక్క భోజనమును రెండింతలు చేసినచో ఫలము పోవును. తిన్న వెంటనే గద్దె నెక్కక పావుగంట నడచుట అవసరము. కదలు కండరము ఇన్సులిన్ సాయము అంతగ లేకయే చక్కెరను గ్రహించును.

తుదకు ఒక మాట. కర్మ మూడు విధముల కట్టునని పెద్దలు చెప్పుదురు: చేయుటవలన, చేయించుటవలన, చేసినవారిని మెచ్చుటవలన. వియ్యంకుడు వలదని చేయి అడ్డము పెట్టినను రెండవ లడ్డు వడ్డించు ఆప్యాయత, ‘ఒక్కటి తింటే ఏమవుతుంది బావగారూ’ అను బలవంతము, తిన్నవానిని చూచి మురియుట, ఇవన్నియు ఆ లెక్కలోనికే వచ్చును. రోగి ఒక్కడే ఊనోదరి పాటింపజాలడు. ఇల్లంతయు దానికి తోడు కావలెను. పెండ్లి పందిరిలో, పర్యూషణ పారణలో, దీపావళి పంపకములో మిఠాయి పాళ్లు తగ్గించుటకు గృహయజమానులు ముందుకు వచ్చినచో గౌరవమునకు లోటు రాదు. అతిథి కడుపు నింపుట మర్యాదయే. అతడు చాలునన్నపుడు వడ్డన ఆపుట అంతకంటె పెద్ద మర్యాద, అహింసయు గూడ.