తాళం ఎవరిని గుర్తుపడుతుంది?

కార్డు చూపితే తెరుచుకునే తాళాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. ఆర్డుయినో బోర్డు, ఆర్సీ522 రీడర్, రిలే, 12 వోల్టుల సోలెనాయిడ్ గడియ ఉంటే చాలు. కార్డులో బ్యాటరీ ఉండదు, రీడర్ పంపే 13.56 మెగాహెర్ట్జ్ తరంగాల నుంచే అది శక్తి తీసుకుని తన సంఖ్యను చెబుతుంది. ఆ సంఖ్య అనుమతి జాబితాలో ఉంటే బోర్డు గడియ లాగుతుంది.

ఇంతకీ తాళం గుర్తుపట్టింది ఎవరిని? మునుపు చూసినవాణ్ణి మళ్లీ చూసి ‘అతడే ఇతడు’ అనుకోవడాన్ని మన దార్శనికులు ప్రత్యభిజ్ఞ అన్నారు. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులకు అది ఆత్మ ఉందనడానికి ఆధారం: నిన్న చూసినవాడూ నేడు గుర్తుపట్టేవాడూ ఒక్కడే కావాలి. బౌద్ధులు ఒప్పుకోలేదు. దీపజ్వాల క్షణక్షణం మారుతున్నా పోలిక వల్లే ఒకటిగా తోస్తుందన్నారు. తాళం చూసేదీ పోలికనే. ఇలాంటి తాళాల్లో వాడే సాధారణ మైఫేర్ రకం కార్డు సంఖ్యను మరో కార్డులోకి ఎక్కిస్తే దొంగకూ తలుపు తీస్తుంది. కాకపోతే ‘అతడే ఇతడు’ అని మనిషికి కలిగే భ్రమ దానికి కలగదు.

తాళం అవసరం గుడికీ ఉంది. మల్యాల మండలంలోని కొండగట్టు అంజన్న గుడిలో 2023 ఫిబ్రవరిలో వెండి సామగ్రి చోరీ అయింది. దేవుడుండగా తాళమెందుకని అడిగేవారుంటారు. శ్రీవైష్ణవ సిద్ధాంతంలో అర్చామూర్తి, అంటే విగ్రహరూపంలో పూజలందుకునే దేవుడు, భక్తుల అధీనంలో ఉండటానికి తానే ఒప్పుకున్నవాడు. కాబట్టి తలుపు భద్రత అర్చకుడి బాధ్యతే. కరెంటు పోతే గడియ పడే ఉండాలా, తెరుచుకోవాలా అన్నదీ మనిషే ముందుగా తేల్చాలి: గర్భగుడికి మొదటిది, జనం నిండిన మండపానికి రెండోది.