పరాయి ఊళ్లో కుంతి

ఈ వారం వీడియోలో బకాసురవధ చెప్పుకున్నాం కదా. మనకు భీముడు బండెడు అన్నం తినడమే గుర్తుంటుంది. ఆదిపర్వం తెరిచి చూస్తే అక్కడ ఫైటింగ్ తక్కువ. ఒక ఇంట్లో ఏడుపు, ఆ ఇంట్లో తలదాచుకున్న పరాయివాళ్ల ఆలోచన, ఇదే ఎక్కువ.

ఆ ఏకచక్రపురం మన బోధనే అని స్థలపురాణం. చరిత్ర పుస్తకాలు మాత్రం ఈ ఊరిని అస్మకుల పోదన అంటాయి. ఏదైనా కానీ, ఇవాళ బోధన్, ఆర్మూర్, నిజామాబాద్ అంటే పరాయి దేశాలకు బిడ్డల్ని పంపే ఊళ్లు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది గానీ, గల్ఫ్ దారి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉంది.

ఇజ్రాయెల్‌లో మన నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లు చాలామంది వృద్ధుల ఇళ్లలో కేర్‌గివర్లు. 2023 అక్టోబర్ 7 తర్వాత వాళ్ల పరిస్థితి ఊహించండి. సైరన్ మోగితే టెల్ అవీవ్‌లో షెల్టర్ చేరడానికి 90 సెకన్లు, గాజా సరిహద్దు దగ్గరైతే 15. మంచం దిగలేని ముసలమ్మను పట్టుకుని 15 సెకన్లలో ఎక్కడికి పోతారు? అక్టోబర్ 12 నుంచి ఆపరేషన్ అజయ్ విమానాలు వచ్చాయి. అక్కడున్న దాదాపు 18 వేల మంది భారతీయుల్లో ఎక్కువమంది ఎక్కలేదు. జీతం, ఇంటి దగ్గర అప్పు కారణాలే, కాదనను. "ఈమెను ఎవరికి అప్పజెప్పి రావాలె" అనేది కూడా కారణమే.

ఇప్పుడు కుంతి దగ్గరికి వద్దాం. లక్క ఇల్లు తప్పించుకుని వచ్చి, వేషం మార్చుకుని, భిక్షాన్నంతో బతుకుతున్నారు. ఇంటి బ్రాహ్మణుడికి వంతు వచ్చింది. ఊరొదిలి పోదామని ఆయన ఎప్పుడో అన్నాడట, పుట్టిపెరిగిన చోటు, నావాళ్లు ఇక్కడే ఉన్నారని భార్య ఒప్పుకోలేదట. నేను పోతానంటే నేనని తండ్రి, తల్లి, కూతురు ఏడుస్తుంటే, మాటలు సరిగా రాని పిల్లాడు గడ్డిపరక పట్టుకుని దీంతో రాక్షసుణ్ణి చంపుతా అంటాడు. ఏడుపులోనే అందరికీ నవ్వొస్తుంది.

కుంతి "మా గొడవ కాదు" అనలేదు. నా కొడుకును పంపిస్తా అంది. ధర్మరాజు కోపం చేసుకుంటే, వీళ్ల ఇంట్లో సుఖంగా ఉన్నాం, ఆ రుణం తీర్చుకోవద్దా అని అడిగింది. ఆ ఊరి రాజు చేతకానివాడు. ఆ రాజు మంచివాడా కాదా అని ఆమె లెక్కేయలేదు, అన్నం తిన్న ఇంటిని చూసింది.

అయితే అలా ఉండిపోవడమే ధర్మం, తిరిగొచ్చినవాడు పిరికివాడు అనకండి. నాకది చాలా తప్పుగా అనిపిస్తుంది. కుంతి గుడ్డిగా పంపలేదు. పసివాడిగా ఒళ్లోంచి జారిపడితే కింద రాయే పగిలింది, ఆ బలం ఆమెకు తెలుసు. ఇంటాయన కూడా వెంటనే ఒప్పుకోలేదు. నా ప్రాణం కోసం అతిథిని చంపించడం పాపం అని వాదించాడు. ఈ మాట మీద మన ప్రవచనాల్లో ఎవరూ ఆగరు, ఎందుకో!

యుద్ధం మొదలయ్యాక పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసి, ఆ ఖాళీల్లోకి మన మేస్త్రీలను, కార్పెంటర్లను తీసుకున్నారు. 2024 మేలో హైదరాబాద్‌లోనే సెలక్షన్లు జరిగాయి. నెలకు లక్ష దాటిన జీతం చూసి పోయే తమ్ముడికి భీముడి కథ చెప్పి ఉబ్బించకూడదు. పిలిచేవాడు ఆ బ్రాహ్మణుడిలా ఆలోచించాడా, పంపేవాళ్లం కుంతిలా లెక్క చూసుకున్నామా? పనిచేసే చోట షెల్టర్ ఎంత దూరం, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటుంది, అప్పు ఎంత వడ్డీకి తెచ్చాం, ఇవన్నీ సంతకానికి ముందే అడగాలి.

భీముడు బండి తోలుకుని పోయాక కుంతి ఆ రోజు ఎలా గడిపిందో వ్యాసుడు రాయలేదు. ఆర్మూర్‌లో, బోధన్‌లో ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్న అమ్మలను అడిగితే చెప్తారు.

వచ్చే వారం ఏకచక్రపురం నుంచి పాంచాలానికి బయల్దేరదాం.